మినిస్టరయ్యగారు

అయ్యగారు పోయి మూణ్ణెల్లు దాటింది. ఆదివారం వచ్చిందంటే ఇంగా ఎవురో ఒకరు కొబ్బరినూనె సీసా పట్టుకోని మా గేటు కాడ నిలబడతానే ఉండారు. మొన్న బి.కొత్తకోట నుంచి ఒకామె వచ్చింది, మోకాళ్ల నొప్పులని. అయ్యగారు లేరమ్మా, ప్రభువు కాడికి పోయినారు అని చెప్తే గేటు కమ్మీ పట్టుకోని ఏడ్చింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపిస్తిని. ఆయన అసలు అయ్యగారే కాదని, ఆయనకు ఒక్క ప్రార్థన కూడా రాదని ఆమెకు ఎట్ల చెప్పేది? చెప్తే నమ్మదు. నమ్మిందంటే ఊరంతా చెప్తాది. నాకు ఇప్పటికీ భయమే.

ఆయన పేరు నేను రాయను. ఆయన దేశం పేరూ రాయను. సముద్రానికి అవతల, తూర్పు దిక్కున, మన మాదిరే అన్నం తినేవాళ్ల దేశం అనుకోండి, చాలు. ఆయన మనుషులు ఇంగా ఆడే ఉండారు.

నేను మదనపల్లిలో ఆసుపత్రి నర్సుగా ముప్పై ఏండ్లు పైన చేసి రిటైరైనదాన్ని. మా ఆయన పోయినాక ఇంటి వెనక గది ఖాళీగా ఉండె. మా డాక్టరమ్మ, అంటే ఆసుపత్రిలో నా పైన పనిచేసిన పెద్దామె, ఒకరోజు ఫోన్ చేసి, ఫలానా దేశం నుంచి ఒకాయన వస్తాండాడు, ఊపిరితిత్తులు బాగలేవు, మన ఊరి గాలి ఆయనకు మంచిది, వాళ్ల దేశంలో మినిస్టర్‌గా చేసినాడు, నీ గదిలో పెట్టుకో, ఎవురితోనూ అనద్దు అని చెప్పింది. నేను ముందు మాటలన్నీ బాగా విని, ఆఖరి మాట మాత్రం ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తిని. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరికే అనలేదు.

తప్పు యాడ జరిగిందో సూడండి. రాజకీయాల్లో ఉండేవాణ్ని మా వీధిలో మంత్రి అంటాం. పేపర్లో మినిస్టర్ అని రాస్తారు, నిజమే, కానీ మా క్రైస్తవుల ఇండ్లల్లో మినిస్ట్రీ అంటే దేవుని సేవ. మినిస్టర్ అంటే చర్చిలో వాక్యం చెప్పే అయ్యగారు. పుట్టినప్పటి నుంచి ఆ మాట ఆ అర్థంతోనే విన్నదాన్ని. దేశం కాని దేశం నుంచి ఒక దైవసేవకుడు నా ఇంటికి వస్తాండాడని పొంగిపోయి, ఆయన వచ్చే లోపలే వీధి వీధంతా చెప్పేస్తిని.

వచ్చినారు. పొట్టి మనిషి, అరవై దాటినాయి, ఒక్క సూట్‌కేసు. చొక్కా మాత్రం మడత నలగలేదు. గదిలోకి పోతానే మంచం జరిపి, ముక్కాలిపీట తెచ్చి తలుపుకు ఎదురుగా వేసుకోని కూర్చున్నారు. చెప్పులు బయట విడిచేది లేదు. మంచం కింద, ముందుభాగం తలుపు దిక్కు తిప్పి పెట్టుకున్నారు. దేవుని మనిషికి ఇంత జాగ్రత్తెందుకో నాకు తెలీలేదు.

మొదటి ఆదివారం ఆరాధన అయినాక గేటు కాడ పది మంది. ఒకామె చంకలో జ్వరం బిడ్డ, ఒకాయనకు టమోటా లారీ బోల్తాపడి కాలు ఇరిగింది, మిగిలినోళ్లు నూనె సీసాలతో. వాళ్లు గేటు తీసుకోని లోపలికి రాంగానే ఆయన స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకున్నారు. నేను తలుపు తడితే లోపల నీళ్ల తొట్టి ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టుకుంటాండే చప్పుడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఉన్నపళంగా వచ్చి, తలుపు సందులోంచి ఇంగ్లీషులో ఏందేందో చెప్పి బయటికి తెచ్చింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకోని ఉండాది.

అప్పుడు చెప్పింది నాకు, ఆయన దేశానికి మంత్రి అని. రోడ్లు, వంతెనల మంత్రి. సైన్యం వచ్చి ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు దేశం దాటి వచ్చిన మనిషి. గేటు తోసుకోని పది మంది వస్తే ఆయనకు అర్థమయ్యేది ఒక్కటే. డాక్టరమ్మ నన్ను తిట్టి తిట్టి, మధ్యలో నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. కండ్లు తుడుచుకోని, సరేలే, అట్లే ఉండనీ, అయ్యగారి కోసం ఎవురూ వెతకరు, అదే మేలు అనింది.

ఆ పొద్దు నుంచి ఆయన మాకు మినిస్టరయ్యగారు.

ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట "ఎవురు?" పాలామె వచ్చినా, గ్యాసు బండి వచ్చినా, గోడ మీద పిల్లి దూకినా గదిలోంచి ఆ మాటే. చిత్రమేమంటే అచ్చం మా యాసే. ఫొటో అంటే సచ్చేంత భయం. ఎవురైనా ఫోను పైకెత్తితే అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకోని పక్కకు తిరిగేవారు. మాట్లాడతా మాట్లాడతా చూపుడువేలుతో గాలిలోనో తొడ మీదనో గీతలు గీస్తాండిరి. అది తన సంతకమని ఒకరోజు చెప్పినారు. అప్పట్లో దినానికి ఎన్ని పెట్టేవారో ఆయనకే తెలీదంట, ఇప్పుడు బ్యాంకుకు కూడా పోలేరు కాబట్టి వేలికి ఊరికే దురద.

సందకాడ మెట్ల మీద కూర్చోని శనక్కాయలు వలుస్తా కథలు చెప్పేవారు. నా ఇంగ్లీషు ఆసుపత్రి ఇంగ్లీషు, నొప్పి యాడ, ఎప్పటి నుంచి, అన్నం తిన్నావా అనేంత వరకే. ఆయనది బడిపంతులు ఇంగ్లీషు. ముందు కొండల్లో లెక్కల అయివారు. బడికి పోయే దారిలో ఏరు పొంగి పిల్లోళ్లు రాలేకపోతే వంతెన కోసం అర్జీలు పెట్టి పెట్టి, ఆ అర్జీల్లోనే ఎన్నికల్లోకి పోయి గెలిచినాడంట. మంత్రైనాక ముందుగా ఆ వంతెనే కట్టించినాడు. అది చెప్పేటప్పుడు నవ్వేవారు, నవ్వుకు చప్పుడు ఉండదు. భుజాలు మాత్రం కదిలేవి.

ఒకరోజు అన్నారు, మా ఇంటి ముందర నలుగురు కాపలా పోలీసులు ఉండేవాళ్లు, మా ఆమె పొద్దున్నే వాళ్లకు టీ ఇచ్చేది, నన్ను పట్టుకునేదానికి వచ్చింది వాళ్లే అని. ఆ పొద్దు కూడా టీ తాగినాకే లోపలికి వచ్చిరంట. ఆయన వెనక పెరడు గోడ దూకి పోయినారు. భార్య ఆ సంవత్సరమే పోయింది, ఎట్ల పోయిందో నేను అడగలేదు. కూతురు ఒక్కతే ఆడ ఉండాది. ఆమెకు ఫోన్ చేసేది లేదు, ఉత్తరం రాసేది లేదు. నాన్న బతికుండాడని ఆమెకు తెలిసిందని ఆడి సైన్యమోళ్లకు తెలిస్తే ఆమెను పట్టుకుంటారు. అందుకని తెలీకుండా ఉంటేనే ఆమెకు క్షేమం. ఆయన భయమంతా అదే. తన కోసం కాదు.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఎవురొచ్చినా ముందు "ఎవురు?" అని, నేను పేరు చెప్పినాక బయటికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకోని వాళ్ల భాషలో నిదానంగా ఒక ప్రార్థన చెప్పేవారు. ఎప్పుడూ అదే ప్రార్థన. ఎక్కే మెట్టు, దిగే మెట్టు మాదిరి ఒక వరస ఉండాది దాంట్లో. జ్వరం బిడ్డకు తగ్గింది. కాలు ఇరిగినాయనకు కట్టు విప్పినారు. ఇంగ కలకడ ఊరి నుంచి కూడా జనం రాబట్టిరి.

కుప్పంలో మా చెల్లెలు పక్షవాతంతో మంచాన పడి ఉండాది. కుడిపక్క పనిచేయదు, మాట ముద్దగా ఒకటీ అరా వస్తాది. ఆమెకు ఈ ప్రార్థన వినిపిస్తే బాగుండునని నాకు బుద్ధి పుట్టింది. ఆయన వద్దనేది ఫొటోలే కదా, గొంతుకేం అని, ఒక ఆదివారం ఫోను ఒళ్లో పెట్టుకోని ఆయనకు తెలీకుండా రికార్డు చేసి పంపిస్తిని. చెల్లెలు దిండు కింద ఫోను పెట్టుకోని అది వింటానే నిద్రపోతాండాదని తెలిసి నా అంతటి తెలివైనది లేదనుకుంటిని.

చెల్లెలి ఫోనులోంచి అది పుంగనూరులో ఉండే మా ఆడబిడ్డకు పోయింది. ఆమె తన ప్రార్థన గుంపులో పెట్టింది. ఆ గుంపులో ఒకామె కూతురు సింగపూర్‌లో నర్సు. ఆ పిల్ల వార్డులో పెట్టుకోని వింటాంటే, తనతో పనిచేసే ఒక విదేశీ పిల్ల ఉలిక్కిపడి లేసిందంట. ఆ సంగతి వారం తిరక్కుండా గుంపులో మెసేజీగా వచ్చె, ఆడబిడ్డ నాకు పంపించె. 'ఈ పాస్టర్ గారు ఎవరు? నా ఫ్రెండ్ ఇది ప్రార్థన కాదంటోంది. వాళ్ల దేశంలో మంత్రులు చేసే ప్రమాణమంట. గొంతు కూడా ఎక్కడో విన్నట్టుందంట.'

చదివి చదవంగానే ఫోను పట్టుకోని లేస్తిని. ఆయన కాడికి పోయి ఫోను చూపించి, అంతా చెప్పి, నిలబడుకోని ఏడిస్తిని. ఆయన తిట్టలేదు. లేసి తలుపు గడియ పెట్టి, మళ్లీ పీట మీద కూర్చున్నారు. చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నారు. నాకు ప్రార్థనలు రావు సిస్టర్ అన్నారు. వాళ్లు తల వంచుకోని నిలబడితే ఏదో ఒకటి చెప్పాల కదా, నాకు కంఠతా వచ్చింది అదొక్కటే. ప్రమాణం చేసే ముందర మూడు దినాలు మా ఆమె వంట చేస్తా నా చేత ఒప్పజెప్పించుకునింది అన్నారు.

చెరపమన్నారు. యాడ యాడ ఉండాదో అంతా చెరిపేయమన్నారు.

మరుసటి పొద్దు బస్సెక్కి పుంగనూరు పోతిని. ఎందుకు చెరపాల్నో ఎవురికీ చెప్పకూడదు. ఆడబిడ్డ నన్ను ఎగాదిగా చూసి, ప్రార్థన చెరిపితే పాపం తగలదా వదినా అనింది. నేను, అయ్యగారు ఉపవాస దీక్షలో ఉండారు, ఆయన గొంతు ఆయన తప్ప ఎవురూ వినకూడదు అని నోటికొచ్చిన అబద్ధం చెప్తిని. అరవై ఏడేండ్లకు అబద్ధాలు నేర్చుకుంటిని. గుంపులో ఉండే ఆడోళ్ల ఇండ్లకు ఒక్కొక్కటిగా తిరిగి, వాళ్ల చేతే ఫోన్లు తెరిపించి, నా కండ్ల ముందర చెరిపిస్తిని. ఒకామె ఫోను మనవరాలి కాడ ఉండాదంటే కాలేజీ వదిలేదాకా వాకిట్లోనే కూర్చుంటిని. సింగపూర్ పిల్లకు నా ఫోను నుంచే ఆడబిడ్డ చేత ఫోన్ చేయించి అదే అబద్ధం చెప్పిస్తిని. ఆ పిల్ల చెరిపేసినాను ఆంటీ అనింది. చెరిపిందో లేదో దేవునికే తెలియాల.

ఆడ నుంచి కుప్పం. చెల్లెలు ఎడమచేత్తో ఫోను దిండు కింద గట్టిగా పట్టుకోని ఉండాది. దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంటిని. చెరిపి మళ్లీ చేతిలో పెడితే అది నా ముఖంలోకి చూసి, ముద్దముద్దగా "యాల?" అనింది, ఎందుకని. దానికి అంతకు మించి మాట రాదు. నేను దాని జడ విప్పి దువ్వి, మళ్లీ అల్లి, బస్సుకు టైమైందని వచ్చేస్తిని.

ఇంటికి రాంగానే అయ్యగారు అడిగినారు, అందరూ చెరిపినారా అని. చెరిపినారు అంటిని. మీ చెల్లెలు ఏమనింది? యాల అనింది అంటిని. అంటే ఏమి అని అడిగి, అర్థం తెలుసుకోని లోపలికి పోయినారు. రెండు దినాలు అన్నం సరిగా తినలేదు. మూడో పొద్దు తలకు మఫ్లరు చుట్టుకోని బయటికి వచ్చి, నన్ను కుప్పం తీసుకుపోండి అన్నారు. వచ్చినప్పటి నుంచి ఆసుపత్రికి తప్ప గేటు దాటని మనిషి. అదీ ఎవురు వెతుకుతాండారో, యాడికి తెలిసిందో తెలీని ఆ దినాల్లో. నేను వద్దంటిని. డాక్టరమ్మ వద్దనింది. ఆయన పోయి కారు కాడ నిలబడినారు.

డాక్టరమ్మే బండి తోలింది. దారి పొడుగునా ఆయన చెయ్యి కారు తలుపు పిడి మీద నుంచి తియ్యలేదు. వెనక ఏ బండి వచ్చినా తిరిగి చూసేవారు, అది దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టేవారు. వి.కోట దాటినాక పోలీసులు బండ్లు ఆపుతాండిరి. కాగితాల తనిఖీ, అంతే. ఒక కుర్ర కానిస్టేబులు కిటికీలోకి వంగి, ఈయన ఎవురమ్మా అని అడిగినాడు. ఆయనే చెప్పినారు, తెలుగులో, "అయ్యగారు" అని. కానిస్టేబులు తల ఊపి పోనిచ్చినాడు. అర మైలు పోయినాక కారు ఆపమని దిగి, రోడ్డు పక్క కంప చెట్ల కాడ వాంతి చేసుకున్నారు. నేను ఈపు నిమిరి, నోరు కడుక్కునేదానికి నీళ్లు పోస్తిని.

చెల్లెలి మంచం పక్కన కూర్చోని, దాని తల మీద చెయ్యి పెట్టి, ఆ ప్రమాణమంతా చెప్పినారు. తొందర లేదు. ఆఖరి మాట అయినాక మళ్లీ మొదటి నుంచి చెప్పినారు. అది ఆయన చొక్కా చెయ్యి పట్టుకోని నిద్రపోయింది. ఆ పట్టు వదిలేదాకా ఆయన కదల్లేదు.

వచ్చేటప్పుడు నేను అడిగితిని, దాని అర్థమేంది అయ్యగారూ అని. భయం గానీ పక్షపాతం గానీ లేకుండా ప్రజలకు పని చేస్తానని, అన్నారు. కొంచెం దూరం పోయినాక, "పక్షపాతం నేను చూపలేదు సిస్టర్. మొదటిదే నా వల్ల కాలేదు" అన్నారు. డాక్టరమ్మ అద్దంలోంచి ఆయన్ను చూసింది.

ఆ తర్వాత ఆయన ఇంగ కోలుకోలేదు. చలికాలంలో దగ్గు ఎక్కువైంది. ఆసుపత్రిలో చేరమంటే, ఆడ రిజిస్టరులో పేరు రాస్తారని వద్దన్నారు. ఇంట్లోనే ఆక్సిజన్ పెడితిని. గేటు చప్పుడైతే మాస్కు తీసి వినేవారు. నేనూ వినేదాన్ని. భయం అంటువ్యాధి. పోస్టాయన సైకిలు బెల్లు కొట్టినా కిటికీ కాడికి ఉరికేదాన్ని, తెలీని నంబరు నుంచి ఫోన్ వస్తే రెండు దినాలు కూడు సయించేది కాదు. ఎవురూ రాలేదు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. రారని ఆ దినాల్లో మాకు తెలీదు కదా.

ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకోని చెప్పినారు. నేను పోయినాక ఎవురడిగినా మినిస్టర్ ఎవురూ ఈడ లేరని చెప్పండి. నా కూతురని చెప్పినా అదే చెప్పండి. కూతురని చెప్తే ముఖ్యంగా అదే చెప్పండి, ఆ పేరు పెట్టుకోనే వస్తారు వాళ్లు. సరే అంటిని. ప్రమాణం చెయ్యమంటే చేస్తిని. ఆ వారమే పోయినారు, పగటిపూట, కిటికీలో ఎండ ఉండంగానే.

ఊరంతా వచ్చింది. చర్చి తోటలో అయ్యగారికి చేసే మర్యాదతోనే పాతిపెట్టినారు, పాటలు పాడినారు. ఆయన మతం అది కాదు. సూట్‌కేసు అడుగున గుడ్డలో చుట్టిన వేలెడంత బుద్ధుడి బొమ్మ ఉంటే, ఎవురూ చూడకుండా ఆయన చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టినాను. పాపమో పుణ్యమో దేవుడే చూసుకుంటాడు.

పోయిన బుధవారం ఫోన్ వచ్చింది. పొడుగు నంబరు, మన దేశానిది కాదు. ఆడపిల్ల గొంతు, ఇంగ్లీషు. సింగపూర్‌లో ఒక నర్సు ఈ నంబరు ఇచ్చిందని చెప్పింది. మా నాన్న మా దేశంలో మినిస్టర్‌గా చేసినాడు, మీ ఇంట్లో ఉన్నాడా అని అడిగింది.

నిలబడి ఉండేదాన్ని కూర్చుంటిని. ఆయన కూతురైతే ఎంత అల్లాడిపోయి ఈ నంబరు పట్టుకుందో. కూతురు కాకపోతే, నేను అవునన్న ఒక్క మాటకు ఆ కూతురి ప్రాణం పోతాది. కూతురే అయినా, పక్కన ఎవురు నిలబడి వింటాండారో. నేను మాటిచ్చినదాన్ని.

మినిస్టర్ ఎవురూ ఈడ లేరమ్మా, అంటిని.

అవతల ఊపిరి మాత్రం వినబడతాండాది. పెట్టేసి ఉండాల్సింది. పెట్టలేకపోతిని. నాకు వచ్చిన ముక్కల ఇంగ్లీషులో చెప్తిని. ఒక పాస్టరయ్య ఉండె. ముసలాయన. ఆయన కూడా పోయినాడు, మూణ్ణెల్లైంది. ఇడ్లీ అంటే ఇష్టం, సంగటి గొంతు దిగదు. శనక్కాయలు వలిచి నాకే పెట్టేవాడు. చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఎందరో బిడ్డల తల మీద చెయ్యి పెట్టినాడు. ఏ జబ్బు మనిషినీ వద్దు పొమ్మనలేదు. పోయినప్పుడు నొప్పి పడలేదు, నేను నర్సును, నాకు తెలుసు. ఊరంతా వచ్చింది.

ఆ పిల్ల ఒక్క మాట అడ్డం రాకుండా వినింది. అంతా అయినాక, అయితే రాంగ్ నంబర్ అండీ, సారీ అనింది. అని పెట్టెయ్యలేదు. ఆ పాస్టర్ గారు పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

ఇంగ్లీషు మాట నా నోటికి రాలేదు.

"నేనుంటినమ్మా" అంటిని.